సత్యం థియేటర్ పక్క సందు

బండి ఎక్కించడానికి వచ్చిన మావయ్య జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపింది. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు, మధ్యమధ్యలో బాణం గుర్తులు.

"సికింద్రాబాద్‌లో దిగు. తోరణాల బిల్డింగు కింద నుంచి బయటికి రా. ఎదురుగా ఆల్ఫా హోటల్. టీ తాగు. బస్సెక్కు. ప్యారడైజ్, బేగంపేట ఎయిర్‌పోర్టు, అమీర్‌పేట. సత్యం థియేటర్ పక్క సందు. ఎవర్నడిగినా చెప్తారు."

"ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా మావయ్యా," అన్నాను.

"మ్యాప్‌కేం తెలుసే? నేను మూడేళ్లున్నాను అక్కడ."

మావయ్య 1998లో అమీర్‌పేట వెళ్లి మెయిన్‌ఫ్రేమ్స్, అంటే బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్ల పని, నేర్చుకున్నాడు. అప్పట్లో వైటూకే అని ఒక గోల. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసేశారు కాబట్టి 2000 వచ్చేసరికి కంప్యూటర్ అది 1900 అనుకుని లెక్కలన్నీ తారుమారు చేస్తుందని భయం. ఆ ప్రోగ్రాముల్లో చాలావరకు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ఉండేవి. దిద్దడానికి మనుషులు కావాలి. దాంతో ఊళ్లలో పొలాలు తాకట్టు పెట్టి మరీ కుర్రాళ్లని కోబాల్‌కి పంపారు. మావయ్య కోర్సు ముగించి, బయోడేటా పట్టుకుని తిరుగుతుండగానే 2000 రానే వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగలేదు, మావయ్య ఇంటర్వ్యూలే ఆగాయి. ఇంకో ఏడాది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని ఏదో చేసి 2001లో ఊరొచ్చేశాడు. ఇప్పుడు ఎరువుల కొట్టు. కానీ హైదరాబాద్ మాటెత్తితే చాలు, ఆ మూడేళ్లూ నిన్నగాక మొన్న జరిగినట్టు చెప్తాడు.

నేను వెళ్తున్నది మొదటి ఉద్యోగానికి. 2025 జులై. ఇరవై రెండేళ్లొచ్చినా హైదరాబాద్ చూడలేదంటే కాలేజీలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. చుట్టాలందరూ బెంగళూరులోనో వైజాగ్‌లోనో ఉన్నారు, పని పడలేదు, అంతే.

కాగితంలో మొదటి లైను బండి దిగకుండానే తప్పిపోయింది. టికెట్ మీద చర్లపల్లి అని ఉంటే మా ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. సికింద్రాబాద్‌కే అదో ముద్దుపేరు అన్నట్టు వదిలేశాం. తెల్లవారుజామున కళ్లు నులుముకుంటూ దిగితే, అద్దాలూ ఎస్కలేటర్లూ ఎత్తైన పైకప్పూ, ఫోటోల్లో చూసిన ఎయిర్‌పోర్ట్‌లా ఉంది. తోరణాలు లేవు. ఆల్ఫా లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌ని కొత్తగా కడుతున్నారని, అందుకే చాలా బళ్లని నగరానికి తూర్పు కొసన ఉన్న ఈ కొత్త టెర్మినల్‌కి మార్చారని, ఇది ఆ ఏడాది జనవరి 6నే మొదలైందని పక్క బెర్తు ఆంటీ చెప్పింది. ఆవిడకి ఈ మార్పు మీద చాలా కోపం. వాళ్లిల్లు మెహిదీపట్నం దగ్గరట. "రైలు టికెట్ కంటే ఇక్కణ్నుంచి క్యాబ్‌కే ఎక్కువవుతుందమ్మా," అంది.

నిజంగానే క్యాబ్ రేటు చూసి ఫోన్ మూసేశాను. చర్లపల్లి దాకా మెట్రో లేదు. సూట్‌కేసు, బ్యాక్‌ప్యాకు, అమ్మ కట్టిచ్చిన పచ్చళ్ల సంచి, ఈ మూడింటితో ఆర్టీసీ బస్సెక్కాను.

ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అని విన్నాను. కండక్టర్ ఆధార్ అడిగింది. ఇచ్చాను. వెనక్కి తిప్పి అడ్రస్ చూసింది.

"ఆంధ్రా ఆధార్ నడవదమ్మా. టికెట్ తీసుకోవాలె."

"ఆడవాళ్లందరికీ కాదా అండీ?"

"తెలంగాణల ఉండేటోళ్లకు."

"నేనూ ఇక్కడ ఉండటానికే వచ్చాను."

ఆమె నా సూట్‌కేసు వంక, పచ్చళ్ల సంచి వంక చూసి నవ్వేసింది. "గట్లయితే అడ్రస్ మార్పించుకో. మార్చినంక నేనే జీరో టికెట్ కొడ్త." టికెట్ చింపి ఇచ్చి, సూట్‌కేసు పక్కకి జరిగేలా కాలితో కాస్త సర్దింది. ఊళ్లో నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆమే. ఉండటానికి వచ్చానని నోరు విప్పి చెప్పడం కూడా అదే మొదలు. అప్పటిదాకా ఇంట్లో అందరితో "కొన్నాళ్లు చూసి వస్తా" అనే అన్నాను.

సికింద్రాబాద్ స్టేషన్ ముందు దిగాను. తోరణాలు ఉండాల్సిన చోట రేకుల గోడ, దాని వెనక క్రేన్లు. పాత ముఖద్వారం భవనాన్ని ఫిబ్రవరిలోనే పడగొట్టారు. ఫోటో తీసి మావయ్యకి పంపాను. నిమిషంలో ఫోన్.

"ఇదెక్కడే?"

"స్టేషనే మావయ్యా. నువ్వు చెప్పిన బిల్డింగు ఇక్కడే ఉండేదట."

"సరిగ్గా చూడు. అవతలి వైపు దిగావేమో."

"నేను చర్లపల్లిలో దిగాను. ఇది బస్సులో వచ్చి చూస్తున్నా."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఆల్ఫా ఉందా?" అన్నాడు.

ఆల్ఫా ఉంది. ఆ పొద్దున్నే జనం తోసుకుంటున్నారు. చిక్కటి ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కట్. మా వైపు టీలో పాలు తర్వాత పోస్తారో ముందు పోస్తారో నేనెప్పుడూ గమనించలేదు గానీ, ఇక్కడ మాత్రం మరిగించిన డికాక్షన్ ఒక గిన్నెలో, చిక్కబడ్డ పాలు ఇంకో దాంట్లో విడివిడిగా ఉంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. బిస్కట్ ముంచితే సగం విరిగి అడుగున పడిపోయింది. దాన్ని స్పూనుతో తీద్దామని చూస్తుంటే ఎదురుగా కూర్చున్న పెద్దాయన "వదిలెయ్ బేటా, అదే ఆఖర్ల మంచిగుంటది," అన్నాడు. ఉంది కూడా.

అక్కణ్నుంచి బస్సు కాకుండా మెట్రో ఎక్కాను. సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి అమీర్‌పేట దాకా పైనుంచే. మావయ్య బస్సు కిటికీలోంచి చూసిందంతా నేను డాబాల ఎత్తులో, నీళ్ల ట్యాంకులూ ఆరేసిన బట్టలూ దాటుకుంటూ చూశాను. ప్యారడైజ్ అని అనౌన్స్‌మెంట్ రాగానే కాగితం తీశాను. ఆ పేరు ఒకప్పటి ప్యారడైజ్ టాకీస్‌ది. ఆ సినిమా హాల్లో 1953లో పెట్టిన చిన్న క్యాంటీనే ఇప్పుడు బిర్యానీకి పేరుపడ్డ హోటల్. హాలు లేదు, చౌరస్తాకీ స్టేషన్‌కీ దాని పేరుంది. బేగంపేట దగ్గర "బస్సులోంచి విమానాలు దిగడం కనిపిస్తుంది" అని మావయ్య బ్రాకెట్లో రాశాడు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ప్రయాణికుల విమానాలన్నీ అటు వెళ్లిపోయాయి. రన్‌వే, గడ్డి కనిపించాయి. విమానం కోసం నేను మెడ తిప్పి చూశాను, అదేమిటో.

ఇక అమీర్‌పేట. కాగితంలో ఆఖరి లైను. స్టేషన్ మెట్లు దిగి ఆటో అతన్ని అడిగాను, "సత్యం థియేటర్ ఎక్కడండీ?" అని. అతను ఆలోచించకుండా చెయ్యి చూపించాడు. "గా కనబడే మాల్ లేదా, అదే సత్యం." పాత సత్యం థియేటర్ కొట్టేసి అక్కడ మాల్ కట్టారు. పైన మల్టీప్లెక్స్, 2023లో తెరిచారు, అల్లు అర్జున్‌కి అందులో వాటా. మల్టీప్లెక్స్ బోర్డు మీద వేరే పేరుంది. ఆటోవాళ్ల నోట మాత్రం సత్యమే. పక్క సందు పక్క సందులాగే ఉంది. మావయ్య కాగితం, ఇన్ని తప్పులతోనూ, నన్ను హాస్టల్ గుమ్మం దాకా తెచ్చి దింపింది.

హాస్టల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. త్రీ షేరింగ్, రెండు నెలల అడ్వాన్సు, ఆదివారం చికెన్, గీజర్ ఎప్పుడూ రిపేరే. ఓనరు ఆంటీ నా పచ్చళ్ల సంచి చూసి, "బిడ్డా, గోంగూర ఉందా అండ్ల?" అని అడిగింది. ఉందన్నాను. నాకు కిటికీ పక్క మంచం వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని రూమ్మేట్లు ఇప్పటికీ అంటారు.

మొదటి నెలంతా నాకు భాషతోనే సరిపోయింది. తెలుగే, కానీ వేరే గదిలోంచి వినిపించే తెలుగు. మా వైపు నాలుగు రోడ్లు కలిస్తే సెంటర్ అంటాం. ఇక్కడ చౌరస్తా. సందు అంటే నవ్వి గల్లీ అనేవారు. "పక్కపొంటి పోతే వస్తది" అంటే ఆనుకుని నడిచిపొమ్మని. "ఎల్లుండి" అని నేనంటే అర్థమైంది గానీ, "మొన్న" అని ఇక్కడివాళ్లంటే మాత్రం నిజంగా మొన్నో, పోయిన సంక్రాంతో తెలిసేది కాదు. ఆఫీసులో ఒకమ్మాయి "నిన్ను చూసి మస్తు పరేషాన్ అయిన" అంటే నేనేం తప్పు చేశానా అని టెన్షన్ పడ్డాను. భోజనానికి రాలేదని కంగారు పడిందట.

పేర్లు ఇంకో పాఠం. మెట్రో రెడ్ లైన్‌లో వెళ్తూ లకడీకాపూల్ అంటే ఏమిటని రూమ్మేట్‌ని అడిగాను. తను పాతబస్తీ పిల్ల, ఉర్దూ బాగా వచ్చు. "కర్ర వంతెన" అంది. కిందికి చూస్తే కాంక్రీటు తప్ప పుల్ల లేదు. మాసాబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తాలాబ్ అట. గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగంని మా సాహెబా అనేవారు, ఆవిడ పేరు మీది చెరువు. ఇప్పుడక్కడ చెరువు లేదు, ఫ్లైఓవర్ ఉంది. ఆఫీసుకు వెళ్లే దారిలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ అని స్టేషన్ ఉంది, ఆపి తనిఖీ చేసేవాళ్లెవరూ కనబడరు. అమీర్‌పేటలో మా గల్లీ అడ్రస్‌కి అందరూ హుడా మైత్రీవనం దగ్గర అంటారు. హుడా అనే నగరాభివృద్ధి సంస్థ 2008లోనే హెచ్‌ఎండీఏ అయిపోయింది. మావయ్య ఒక్కడే పాతకాలం మనిషి అనుకున్నాను గానీ ఊరు ఊరంతా అతనిలాగే దారి చెప్తుందని నాకు ఆగస్టుకి అర్థమైంది. ఆ తర్వాత ఎవరైనా ఏదైనా పేరు చెప్తే "అది ఇప్పుడు ఉందా?" అని అడగడం అలవాటైంది.

ఆగస్టులో ఒక ఆదివారం పాతబస్తీకి బయల్దేరాను. ఒంటరిగానే. ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి ముందు ఉస్మానియా ఆసుపత్రిలోకి వెళ్లాను. చింతచెట్టు చూడాలని. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయినప్పుడు, ఈ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. చెట్టు దొరికింది. లావుపాటి మొదలు, పైన పల్చగా ఆకులు. నీడలో పేషెంట్ల తాలూకు వాళ్లు చాపలేసుకుని పడుకుని ఉన్నారు. ఒకామె చంటిపిల్లకి అన్నం తినిపిస్తోంది. చెట్టు గురించి ఎవరూ పట్టించుకోలేదు, నన్ను మాత్రం అందరూ చూశారు, ఆసుపత్రికి వచ్చి చెట్టుకు ఫోటో తీస్తోంది ఈ పిల్లెవరా అని. గుమ్మటాల పాత భవనం వెలవెలబోతూ ఉంది. ఆ కట్టడం దెబ్బతిందని రోగుల్ని ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది.

నయాపూల్ మీద నడిచి, పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్ దాటితే చార్మినార్. 1591. దాని గురించి రాయాల్సిందంతా ఇదివరకే ఎవరో రాసే ఉంటారు. నాకు నచ్చింది ఒకటే: ఇంత పాత కట్టడం చుట్టూ ఇంత సందడిగా గాజులూ చెప్పులూ ఫోన్ కవర్లూ అమ్ముతారని నేను ఊహించలేదు. మ్యూజియంలా ఉంటుందనుకున్నాను. సంతలా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు దారి మార్చి పురానీ హవేలీ వైపు నడిచాను. అదే ఆ రోజు నేను చూసిన అసలు సంగతి.

రోడ్డుకి ఒక పక్క ఇళ్లన్నీ కోసేసి ఉన్నాయి. కూల్చినట్టు కాదు, నిజంగా కోసినట్టే, కేకు ముక్క తీసేస్తే లోపలి పొరలు కనబడతాయే, అలా. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు మెట్రో వేస్తున్నారు, దానికోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఒక మేడ పైగది ముందు గోడ పూర్తిగా పోయి, లోపలి గోడ రోడ్డుకి బయటపడిపోయింది. పిస్తా రంగు సున్నం. అందులో తోరణం ఆకారంలో ఒక గూడు, గూట్లో మసి మచ్చ, దీపమో అగరొత్తులో పెట్టేవారేమో. గూడు పక్కన స్విచ్‌బోర్డు, దాని మీద ఒక స్విచ్ ఇంకా ‘ఆన్’లోనే ఉంది. పక్కనే మెట్లు. ఏడెనిమిది మెట్లెక్కితే ఆ పైన గాలి.

కింద మిగిలిన సగంలో కుట్టుమిషన్ల దారాలూ గుండీలూ అమ్మే కొట్టు నడుస్తోంది. ముందు టార్పాలిన్ కట్టారు. నేను పైకి చూస్తూ నిలబడిపోతే కొట్టు పెద్దాయన, "క్యా హోనా బేటా?" అన్నాడు. తెల్ల గుండీలు కావాలన్నాను. నిజానికి అక్కర్లేదు.

ఆయన తెలుగులోకి మారాడు. "ఇరవై ఫీట్లు పోయింది. పైసలు ఇచ్చిన్రు."

"మెట్రో వస్తే బేరాలు పెరుగుతాయేమో కదా బాబాయ్?"

"ఆవ్, పెరుగుతయ్. మేముండే లోపల వస్తే." గుండీలు లెక్కపెట్టి కాగితంలో కట్టాడు. పన్నెండు. "పైన రూం మా అమ్మది. ఆమె పోయి ఇరవై ఏండ్లు. తాళం వేసే ఉంచినం. జేసీబీ వచ్చిన రోజు, ఇరవై ఏండ్ల తర్వాత, రోడ్డు మీదోళ్లంతా చూసిన్రు ఆ రూం." ఇది చెప్పేటప్పుడు ఆయన మొహంలో బాధ ఉందా అంటే చెప్పలేను. ఆశ్చర్యం ఉంది. అది చెప్పేసి, చిల్లర లేదని ఇంకో రెండు గుండీలు ఇచ్చాడు.

ఆ పద్నాలుగు గుండీలూ నా దగ్గరే ఉన్నాయి. మెట్రో రావద్దని నేననలేను. రోజూ అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా ఏసీలో కూర్చుని ఆఫీసుకి పోయేదాన్ని. ఆ లైను వేసినప్పుడు ఎవరి గది ముందుగోడ పోయిందో నేనెప్పుడూ అడగలేదు. బేగంపేట దగ్గర డాబాల ఎత్తులో వస్తూ మొదటి రోజు ఎంత ముచ్చటపడ్డానో గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది, అంతే.

సెప్టెంబర్ చివర దసరాకి ఊరెళ్లాలి. శనివారం రాత్రి బస్సు, ఎంజీబీఎస్‌లో ఎక్కాలి. ఆ బస్టాండ్ మూసీ మధ్యలో దీవి లాంటి చోట కట్టారు. పాతవాళ్లు దాన్ని ఇమ్లీబన్ అనే అంటారు. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. చింతతోపు అన్నమాట. శుక్రవారం రాత్రి, 26న, ఆ చింతతోపులోకి మూసీ వచ్చేసింది. ఎగువన వానలకి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లెత్తారు. రాత్రికి రాత్రి బస్టాండ్‌లోకి నీళ్లు, ప్రయాణికులు లోపల ఇరుక్కుపోయారు. పొద్దున్నే ఫోన్ తెరిస్తే అన్నీ ఆ వీడియోలే. ఆ రెండు జలాశయాలూ కట్టిందే 1908 లాంటి వరద మళ్లీ రాకూడదని. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. చింతచెట్టు కింద చాపల మీద పడుకున్నవాళ్లు గుర్తొచ్చారు. 1908 వరద వచ్చిన తేదీ, 28కి, సరిగ్గా రెండు రోజుల ముందు ఇది.

మా బస్సు ఎల్బీనగర్ నుంచి అని మెసేజ్ వచ్చింది. మెట్రోలో అటే వెళ్తుంటే రైలు మూసీ దాటుతుంది. బోగీలో అందరూ ఒకే వైపు అద్దాలకి అతుక్కుపోయారు. అంత గోధుమరంగు నీళ్లు, అంత వేగం. ఆగస్టులో నయాపూల్ మీంచి చూసినప్పుడు ముక్కు మూసుకుని దాటిన కాలువే ఇది. ఒకతను వీడియో తీస్తూ, "ఇన్నొద్దులు నది అంటే నమ్మలే భై," అన్నాడు పక్కవాడితో.

ఊళ్లో మావయ్యకి ఇవన్నీ చెప్పాను. వరద గురించి విన్నాడు, గోడలు కోసిన ఇళ్ల గురించి విన్నాడు, కానీ ఆయన మనసంతా మాదాపూర్ మీదే. మా ఆఫీసు అటువైపు కదా. 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక, ఆ డిసెంబర్‌లో మావయ్య, ఇంకో స్నేహితుడు స్కూటర్ మీద చూడ్డానికి వెళ్లారట. "చుట్టూ రాళ్లే. మధ్యలో గుండ్రంగా ఒక బిల్డింగు. ఇక్కడికెవడొస్తాడ్రా అనుకున్నాం." ఆ స్నేహితుడు అక్కడ ఒక ప్లాటు కొందామన్నాడు, సగం సగం. మావయ్య ఆ డబ్బుతో కంప్యూటర్ కొన్నాడు. కోబాల్ ప్రాక్టీసుకి. తెలుగువాళ్ల ఇళ్లలో ఇంటికొక మావయ్య ఉంటాడు, అప్పుడే కొని ఉంటే అనేవాడు. మా మావయ్య ఇంకోలా. కంప్యూటర్ కాన్ఫిగరేషన్ కూడా చెప్తాడు.

ఆ రాళ్లు ఇప్పుడూ ఉన్నాయి, కొన్ని. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. మా ఆఫీసు ఎనిమిదో అంతస్తు క్యాంటీన్ కిటికీలోంచి ఒక గుట్ట కనబడేది. ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చినట్టు నాలుగు బండలు, పైదాని మీద ఒక మర్రిమొక్క. జులైలో వాటిని చూస్తూ అన్నం తినేవాళ్లం. సెప్టెంబర్‌లో డ్రిల్లింగ్ మొదలైంది. మధ్యాహ్నాల్లో విజిల్ వినిపించేది, తర్వాత కప్పులో టీ వణికేది. దసరా నుంచి వచ్చి చూస్తే రెండు బండలున్నాయి. అదే నెలలో, అక్టోబర్‌లో, రాయదుర్గంలో ప్రభుత్వ భూమి వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. ఈ వార్త మావయ్యకి పంపాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించాను. పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

నవంబర్‌లో ఎరువుల డీలర్ల మీటింగని మావయ్యే వచ్చాడు. చర్లపల్లిలో దిగి, చెప్పినా వినకుండా బస్సెక్కి, సికింద్రాబాద్ రేకుల గోడ ముందు పావుగంట నిలబడి, ఆల్ఫాలో టీ తాగి మరీ అమీర్‌పేట చేరాడు. మీటింగ్ మధ్యాహ్నానికి అయిపోయింది. ఆయన రైలు రాత్రికి. చార్మినార్ చూస్తావా, కేబుల్ బ్రిడ్జి చూస్తావా అంటే, "అవెక్కడికి పోతాయి, ముందు నేను కోబాల్ నేర్చుకున్న ఆదిత్య ఎన్‌క్లేవ్‌కి పద," అన్నాడు.

మాల్ వైపు ఒక్కసారి చూసి తల తిప్పేసుకున్నాడు. మెస్ ఉండిన చోట మొబైల్ రిపేర్ షాపుంది. ఆయన అద్దెకున్న మేడ చోట ఇంకా పెద్ద మేడ, నాలాంటి వాళ్ల హాస్టలే. ఇవేవీ ఆయన్ని పెద్దగా కదిలించినట్టు లేదు. ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడుగు నెమ్మదించింది. అవే మెట్లు. అంచులు అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి. "ఇది మా బ్యాచ్ చేసిన పని," అన్నాడు.

పై నుంచి కింద దాకా ఫ్లెక్సీలు. జెన్ ఏఐ, ఏజెంటిక్ ఏఐ, డేటా ఇంజినీరింగ్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ. వీపుకి బ్యాగులతో కుర్రాళ్లు మమ్మల్ని రాసుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. మావయ్య కళ్లజోడు పైకి నెట్టుకుని ఒక్కో బోర్డూ చదువుతున్నాడు. రెండో అంతస్తు మలుపులో ఆగిపోయాడు. గోడకి అంటించిన చిన్న జిరాక్సు కాగితం. మెయిన్‌ఫ్రేమ్స్, కోబాల్, జేసీఎల్, డీబీటూ. కొత్త బ్యాచ్.

లోపలికెళ్లి కౌంటర్లో అబ్బాయిని అడిగాడు. "ఇది ఇంకా చెప్తున్నారా బాబూ?"

"బ్యాంకులల్ల ఇంకా అదే నడుస్తది అంకుల్. పాతోళ్లు రిటైర్ అయితున్నరు, కొత్తోళ్లు నేర్చుకుంటలేరు. జాబులున్నయ్." అతను ఒక పాంప్లెట్ తీసి ముందుకు జరిపాడు. "మీ బాబు కోసమా?"

మావయ్య జవాబు చెప్పలేదు. పాంప్లెట్ రెండు వైపులా చదివాడు. సిలబస్‌లో వేలు పెట్టి కిందికి జరుపుతూ, ఒక చోట ఆగి, పెదాలు కదుపుతూ ఏదో గుర్తుచేసుకున్నాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకు దారి రాసిచ్చిన కాగితాన్ని కూడా ఆయన అలాగే మడిచాడు.

మెట్లు దిగుతుంటే అడిగాడు. "నా బండి ఎన్నింటికే?"

"తొమ్మిదిన్నరకి మావయ్యా. చర్లపల్లి నుంచి కదా, ఏడింటికల్లా బయల్దేరాలి."

"రేపు పొద్దున ఏడింటికి ఫ్రీ డెమో క్లాసట," అన్నాడు. "టికెట్ రేపటికి మారుతుందేమో చూడు."